మెట్ట ప్రాంతపు గేదెల మందలో ఈసుకుపోవడం (గర్భస్రావం): మాయలోని వాపు, తెల్ల రక్తకణాలు, బ్రూసెల్లా మీద ఒక కేసు నివేదిక

నేపథ్యం

ఈ కేసు ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలోని ఒక రైతు మందకు సంబంధించినది. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరి పేరు, సంవత్సరం, ఇంటికి సంబంధించిన కొన్ని వివరాలు వదిలివేశాను. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా వల్ల పశువులు ఈసుకుపోయే, మనుషులకూ అంటి జ్వరం తెచ్చే బ్రూసెల్లోసిస్ మన జిల్లాల్లో పశువైద్యులకు కొత్త జబ్బేమీ కాదు. అయినా దీన్ని రాయడానికి కారణం ఉంది. చూడి పశువు మాయలోకి సూక్ష్మజీవి చేరినప్పుడు జరిగే నష్టంలో ఆ జీవి చేసే పని ఎంత, దాని మీదికి వచ్చే తెల్ల రక్తకణాలు చేసే పని ఎంత అన్న ప్రశ్న ఈ మందలో వైద్యం సాగిన ప్రతి దశలోనూ ఎదురైంది. పడని మాయను చేత్తో తీయాలా, జ్వరానికి స్టిరాయిడ్ వేయవచ్చా, నెగెటివ్ వచ్చిన రక్తపరీక్షను నమ్మవచ్చా అన్న నిర్ణయాలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

మందలో ఎనిమిది గేదెలు, రెండు ఒంగోలు ఆవులు, నాలుగైదు పెయ్యదూడలు ఉన్నాయి. అన్నీ ఒకే రేకుల పాకలో, ఒకే గాడి దగ్గర కట్టేవారు. ఈనే గేదెకు వేరే చోటు లేదు. పడిన మాయను పెంటదిబ్బలో పైపైన పూడ్చేవారు, రాత్రికి కుక్కలు దాన్ని లాగేవి. వేసవిలో ఆ ప్రాంతంలో పచ్చిమేత దాదాపు ఉండదు కాబట్టి లారీల మీద వచ్చే వరిగడ్డి, ఇంట్లో ఉన్న కందిపొట్టు, శనగపొట్టు, కొంచెం వేరుశనగ చెక్క, వీటితోనే నెట్టుకొచ్చేవారు. ఈ మేత సంగతి తర్వాత పనికొస్తుంది, ఎందుకంటే నెలల తరబడి ఎండుమేత మీదే ఉన్న పశువుకు విటమిన్ ఎ, విటమిన్ ఇ తగ్గుతాయి, అవి తగ్గితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తమ పని సరిగా చేయలేవు.

సంక్రాంతి తర్వాత రైతు దూరపు సంత నుంచి రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలను కొన్నారు. అందులో ఒకటి చూడిది. అది నెలలు నిండే ఈనింది, కానీ దూడ నీరసంగా పుట్టి రెండో రోజునే చనిపోయింది, మాయ పడలేదు. కొన్నాళ్ళకు ఇంట్లో పుట్టి పెరిగిన ఒక గేదె ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది. ఎండలకు అలా జరిగిందని ఇంటివాళ్ళు సరిపెట్టుకున్నారు. మూడోది ఏడో నెలలో ఈసుకుపోయి, రెండో రోజు దాకా మాయ వేలాడుతూనే ఉన్నప్పుడు నాకు కబురు వచ్చింది.

వెళ్ళేసరికి ఉన్న పరిస్థితి

గేదె లేచి నిలబడే ఉంది. నీళ్ళు తాగుతోంది, మేత సగానికి తగ్గించింది. ఉష్ణోగ్రత 102.8 డిగ్రీల ఫారెన్‌హీట్. మాయ బరువుకు దిగుతుందని ఎవరో చెప్పగా దాని కొసకు ఒక ఇటుక కట్టారు. "వెదురాకు మేపినాం, బెల్లం పెట్టినాం, అయినా పడలేదు సార్. ఎవురి కళ్ళు పడినాయో," అని ఇంటి పెద్దావిడ అన్నారు. ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకొని కూర్చున్నారు. ఏప్రిల్ మధ్యాహ్నం అలా కప్పుకోవడం నాకు వింతగా తోచి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను. సాయంత్రాలు చలి పెట్టి జ్వరం వస్తోందని, తెల్లవారుజామున ఒళ్ళంతా చెమట పడుతోందని, నడుం పట్టేస్తోందని చెప్పారు. ఆ ఇంట్లో పురిటికి వచ్చిన కూతురు కూడా ఉంది, ఆమెకు ఏడో నెల. పొద్దున పూట పాక ఊడ్చేది ఆమే.

మొదట ఇటుకను విప్పించాను. బరువు కట్టి లాగితే మాయ తెగి సగం లోపలే ఉండిపోతుంది, గర్భాశయపు గోడ మీది బొడిపెలు చీరి రక్తం కారుతుంది, పుండు పడిన ఆ చోట్ల నుంచి చీము కలిగించే బ్యాక్టీరియా లోపలికి పోతుంది. వేలాడుతున్న భాగాన్ని కాళ్ళ కింద పడకుండా పొట్టిగా కత్తిరించి, ఆ ముక్కనే పరీక్షకు ఉంచుకున్నాను. చచ్చిపడిన దూడను అప్పటికే దిబ్బ మీద పారేశారు. మోచేతుల దాకా గ్లౌజులు, ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకొని దాన్ని వెనక్కి తెప్పించాను. పొట్ట గోడను కోసి, దూడ నాలుగో కడుపులోని ద్రవాన్ని సిరంజితో తీశాను. ఆరోగ్యంగా ఉన్న పిండంలో ఆ ద్రవం దాదాపు నిర్మలంగా ఉంటుంది. ఇక్కడ అది మసకబారిన నిమ్మపండు రంగులో, రేకులు రేకులుగా వచ్చింది.

మాయను నీటితో మెల్లగా కడిగి, ప్లాస్టిక్ పట్టా మీద పరిచి చూశాను. పశువైద్యులు ఈ పనికి సమయం కేటాయించరు, పది నిమిషాలు కూడా పట్టని పని ఇది. గేదెలోను, ఆవులోను మాయ మొత్తంగా గర్భాశయానికి అతుక్కొని ఉండదు. దాని మీద అక్కడక్కడ ఉండే గుత్తులు, అంటే కాటిలెడన్లు, గర్భాశయపు గోడ మీది బొడిపెలతో చొక్కా బొత్తాం కాజాలో ఇమిడినట్టు ఇమిడి ఉంటాయి. గుత్తుల మధ్యనుండే పొర మామూలుగా పలచగా, అవతల పెట్టిన వేళ్ళు కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది. ఈ మాయలో ఆ పొర తోలులా మందమై, గోధుమరంగు జిగురు పట్టి ఉంది. కొన్ని గుత్తులు ముదురెరుపులోనే ఉన్నాయి, కొన్నిటి అంచులు మాత్రమే పాలిపోయాయి, కొన్ని మొత్తంగా చచ్చి బూడిద కలిసిన పసుపు రంగుకు తిరిగాయి. మూడు రకాల గుత్తులు ఒకే మాయలో పక్కపక్కనే ఉన్నాయంటే, ఈ జబ్బు నిన్న మొన్న పడిన దెబ్బ కాదు, వారాల తరబడి ఒక గుత్తి నుంచి మరో గుత్తికి పాకిన జబ్బు. ఎండ వల్ల, పొడుచుకోవడం వల్ల, పడిపోవడం వల్ల అయిన గర్భస్రావంలో మాయ ఇలా ఉండదు.

అనుమానాలు, వాటిని తేల్చిన తీరు

మాయ తోలులా మందం కావడం శిలీంధ్రాల వల్ల కూడా జరుగుతుంది. లెప్టోస్పైరా, ఐబీఆర్ వైరస్, లిస్టీరియా, కాక్సియెల్లా కూడా చివరి నెలల్లో గర్భం పోగొట్టగలవు. ట్రైకోమోనాస్ అయితే సాధారణంగా మొదటి నెలల్లోనే పోతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. ఒకే పాకలో వరుసగా, అందులోనూ కొత్త గేదె వచ్చిన తర్వాత, అన్నీ ఐదో నెల దాటాకే జరగడం బ్రూసెల్లా వైపు చూపింది. ఇంటి పెద్దావిడ జ్వరం ఆ అనుమానాన్ని ఇంకా బలపరిచింది.

అంచులు పాలిపోయిన గుత్తి నుంచి, దూడ కడుపు ద్రవం నుంచి స్లైడ్ల మీద అద్దకాలు తీశాను. పూర్తిగా చచ్చిన గుత్తిలో అంతా శిథిలమే ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న గుత్తిలో ఇంకా ఏమీ ఉండదు, పోరు జరుగుతున్నది అంచుల్లోనే. మార్పు చేసిన జీల్-నీల్సన్ రంగు వేసి చూస్తే నీలి నేపథ్యంలో కొన్ని పెద్ద కణాలు ఎర్రటి సన్నని గింజలతో కిక్కిరిసి కనిపించాయి. కాక్సియెల్లా కూడా ఈ రంగులో ఇలాగే కనిపిస్తుంది కాబట్టి దీనితోనే నిర్ధారణ చేయలేదు. మాయ ముక్కలను 10 శాతం ఫార్మలిన్‌లోను, కొన్నిటిని మంచు మీద విడిగాను ప్రయోగశాలకు పంపి, మందలోని పశువులన్నిటి నుంచి రక్తం తీశాను.

రోజ్ బెంగాల్ పరీక్షలో సీరం చుక్కను, రంగు వేసిన యాంటీజెన్ చుక్కను పలక మీద కలిపి 4 నిమిషాలు తిప్పితే, ప్రతిరక్షకాలు ఉన్న సీరం గడ్డలు కడుతుంది. సంతలో కొన్న గేదె, ఎనిమిదో నెలలో ఈసుకుపోయిన గేదె స్పష్టంగా పాజిటివ్. నేను చూడడానికి వెళ్ళిన గేదె మాత్రం నెగెటివ్. రైతు కొడుకు ఈ ఫలితం చూసి, "అయితే దీనికి ఆ జబ్బు లేనట్టే కదా సార్, సంతలో అమ్మేద్దామా?" అని అడిగాడు. అడగడంలో తప్పేమీ లేదు. పాలివ్వని గేదెను వేసవిలో మేపడం ఎంత భారమో అతనికి తెలుసు.

నేను వద్దన్నాను. గర్భస్రావం జరిగిన తొలి రోజుల్లో ప్రతిరక్షకాలు పరీక్షకు అందే స్థాయికి ఇంకా చేరకపోవచ్చు. కొన్ని పశువులు ఈనే వరకు, ఈసుకుపోయే వరకు నెగెటివ్‌గానే ఉండి ఆ తర్వాతే పాజిటివ్ అవుతాయి. మాయలో లక్షలాదిగా పెరుగుతున్న జీవి రక్తంలో జాడ లేకుండా ఎలా ఉండగలదన్నదే ఈ జబ్బులోని కిటుకు. మూడు వారాల తర్వాత మళ్ళీ రక్తం తీస్తే ఆ గేదె పాజిటివ్ వచ్చింది. ప్రయోగశాల నుంచి వచ్చిన ఫలితాలు కూడా బ్రూసెల్లానే ఖాయం చేశాయి. ఈ సంగతిని పశుసంవర్ధక శాఖకు తెలియజేశాను.

మాయలో జరిగినది

డెన్మార్క్ పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ 1897లో ఈసుకుపోయిన ఆవు మాయ నుంచి ఈ జీవిని గుర్తించాడు. దానికి పదేళ్ళ ముందు, 1887లో, డేవిడ్ బ్రూస్ మాల్టా దీవిలో చనిపోయిన సైనికుల ప్లీహం నుంచి దాని సోదర జాతిని వేరుచేశాడు. అది మాయనే ఎందుకు ఎంచుకుంటుందన్న ప్రశ్నకు 1960ల మొదట్లో ఒక ముఖ్యమైన సమాధానం దొరికింది. ఆవు, గొర్రె, మేక వంటి జంతువుల మాయలోను, పిండ ద్రవాల్లోను ఎరిథ్రిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం ఎక్కువగా ఉంటుంది, బ్రూసెల్లాకు అది ఎంతో ఇష్టమైన ఆహారం. మనం దూడలకు వాడే ఎస్-19 టీకా జాతిలో ఆ ఎరిథ్రిటాల్‌ను వాడుకునే జన్యువుల్లో లోపం ఉంది.

అయితే ఆహారం ఒక్కటే కారణం అనుకుంటే ఈ కేసు అర్థం కాదు. నోటి ద్వారా చేరిన బ్రూసెల్లాను మొదట మింగేది మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్ వంటి రక్షణ కణాలే. ఇ.కోలి వంటి బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వు చక్కెర పదార్థం కొద్దిగా తగిలినా ఆ కణాలు పెద్ద ఎత్తున హెచ్చరిక సంకేతాలు పంపుతాయి. బ్రూసెల్లా పైపొర మాత్రం ఆ హెచ్చరికను చాలా బలహీనంగానే పుట్టిస్తుంది. న్యూట్రోఫిల్ దాన్ని మింగినా చాలాసార్లు చంపలేదు. మాక్రోఫేజ్ లోపల అది తాను ఉన్న సంచిని మార్చుకొని, కణం తన సొంత పదార్థాలను తయారుచేసుకునే చోటికి చేరి అక్కడ పెరుగుతుంది. శత్రువును పట్టుకోవలసిన కణమే దాన్ని లసిక గ్రంథులకు, పొదుగుకు, చూడి పశువులో గర్భాశయానికి మోసుకుపోయే బండి అవుతుంది.

గర్భాశయంలో పరిస్థితి దానికి మరింత అనుకూలం. పిండంలో సగం తండ్రి పోలిక కాబట్టి, తల్లి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా భావించి దాడి చేయకుండా గర్భం పొడుగునా అదుపులో ఉండాలి. గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్, దాడిని అణచే నియంత్రణ టి కణాలు, వాపును తగ్గించే సంకేత పదార్థం ఇంటర్‌ల్యూకిన్-10 వంటివి కలిసి ఆ అదుపును కాపాడతాయి. బ్రూసెల్లా వంటి కణాంతర జీవిని చంపడానికి కావలసినది ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత పదార్థం నడిపే గట్టి దాడి, గర్భం నిలవడానికి కావలసినది ఆ దాడి లేకపోవడం. ఈ రెండు అవసరాలు ఒకే చోట ఎదురుపడినప్పుడు చాలా వారాల పాటు గర్భానిదే పైచేయి అవుతుంది. మాయ బయటి పొరలోని ట్రోఫోబ్లాస్ట్ కణాలు జీవులతో నిండిపోతున్నా, తెల్లకణాల గుంపు పెద్దగా రాదు. మా గేదె రక్తపరీక్ష నెగెటివ్ రావడానికి, రెండు నెలల పాటు పైకి ఏ లక్షణమూ లేకపోవడానికి వెనక ఉన్నది ఈ నిశ్శబ్ద దశే అని నా అభిప్రాయం.

నిండిన ట్రోఫోబ్లాస్ట్‌లు పగలడం మొదలయ్యాక కథ మారుతుంది. ఒక్కసారిగా న్యూట్రోఫిల్స్, వాటి వెనక మాక్రోఫేజ్‌లు గుత్తుల్లోకి వస్తాయి. వాటి నుంచి వెలువడే ఎంజైములు, ఆక్సిజన్ విషాలు జీవిని చంపే క్రమంలో మాయ చిగుళ్ళను, అంటే గుత్తుల్లోని సన్నని వేళ్ళలాంటి భాగాలను కూడా చంపుతాయి. రక్తనాళాల గోడలు వాచి, దూడకు అందే ఆక్సిజన్, ఆహారం తగ్గుతాయి. ఒత్తిడికి గురైన దూడ శరీరంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, దానితో ప్రొజెస్టిరాన్ పడిపోయి, ఈస్ట్రోజెన్, ప్రోస్టాగ్లాండిన్ పెరిగి నెలలు నిండకుండానే నొప్పులు మొదలవుతాయి. చూడి ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో ఇంటర్‌ఫెరాన్-గామాను అడ్డుకుంటే బ్రూసెల్లా వల్ల పోయే గర్భాలు తగ్గాయి. ఎలుక మాయ నిర్మాణం వేరు కాబట్టి దాన్ని గేదెకు యథాతథంగా అన్వయించలేం గాని, గర్భస్రావంలో జబ్బు పడిన జంతువు సొంత ఇన్‌ఫ్లమేషన్‌కు, అంటే తెల్లకణాలు తెచ్చే వాపుకు, వాటా ఉందన్నది దాని నుంచి తీసుకోవచ్చు. మా ప్రయోగశాల నివేదికలో కూడా ఒక ముక్కలో జీవులతో నిండిన ట్రోఫోబ్లాస్ట్‌లు ఉండి తెల్లకణాలు తక్కువగా ఉన్నాయి, మరో ముక్కలో న్యూట్రోఫిల్స్ గుంపులు, చచ్చిన చిగుళ్ళు, వాచిన నాళాలు ఉన్నాయి. నేను కంటితో చూసిన మూడు రకాల గుత్తులకు అది సరిగ్గా సరిపోయింది.

నేను వెళ్ళకముందు చేసినవి ఎందుకు ఫలించలేదు

సంతలో కొన్న గేదెకు మూడో రోజున ఎవరో చేయి పెట్టి మాయను లాగేశారు, గర్భాశయంలో మందు బిళ్ళలు వేశారు, జ్వరం తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ ఇచ్చారు. జ్వరం ఆ పూటకు తగ్గింది, వారం తిరిగేసరికి దుర్వాసనతో ఎర్రటి స్రావం మొదలైంది. ఆ తర్వాత ఎదకు వచ్చినా చూడి కట్టలేదు. ఈ మూడు పనులకూ ఒకే దోషం ఉంది, మూడూ గర్భాశయంలో పనిచేయవలసిన న్యూట్రోఫిల్స్‌ను దెబ్బతీస్తాయి. చేతితో లాగడం వల్ల పైపొర చీరుకుపోతుంది. లోపల వేసే ఘాటైన మందులు అక్కడ చేరిన తెల్లకణాల మింగే శక్తిని తగ్గిస్తాయి. స్టిరాయిడ్ ఆ కణాలను రక్తనాళం దాటి కణజాలంలోకి వెళ్ళనివ్వదు.

ఎనిమిదో నెలలో ఒక గేదె ఈసుకుపోయాక, మిగిలిన చూడి గేదెలకు గర్భం నిలవాలని ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించారు. నేను చూసిన గేదె వాటిలో ఒకటి. హార్మోన్ తక్కువై గర్భం పోతే ఆ మందు పనికొస్తుంది. ఇక్కడ హార్మోన్ పడిపోవడం చివరి మెట్టు మాత్రమే, మొదటిది చచ్చిపోతున్న మాయ. పైగా ప్రొజెస్టిరాన్ ప్రభావంలో ఉన్న గర్భాశయం ఇన్‌ఫెక్షన్‌ను తట్టుకోవడంలో బలహీనంగా ఉంటుంది.

మాయను లాగకపోవడం వెనక ఆలోచన

ఇంటివాళ్ళను ఒప్పించడం ఇక్కడే కష్టమైంది. మాయ వేలాడుతున్నా డాక్టరు ముట్టుకోకుండా వెళ్ళిపోతే ఊరంతా మాట అంటుంది.

ఈనిన తర్వాత మాయ విడిపోవడం కేవలం గర్భాశయం బిగియడం వల్ల జరిగేది కాదు. గడువు దగ్గర పడే కొద్దీ తల్లి తెల్లకణాలు మాయను పరాయి కణజాలంగా గుర్తించడం మొదలుపెడతాయి, న్యూట్రోఫిల్స్ గుత్తుల దగ్గరికి చేరి, అతుకును పట్టి ఉంచే కొలాజెన్‌ను కరిగించే పనిలో పాలుపంచుకుంటాయి. మాయ పడని ఆవుల్లో తెల్లకణాలు గుత్తుల వైపు సరిగా కదలడం లేదని 1980లలో నెదర్లాండ్స్‌లో గున్నింక్ చూపించాడు. 2002లో కిమురా, ఆయన సహచరులు అలాంటి ఆవుల్లో న్యూట్రోఫిల్స్ పని ఈనకముందే మందగించి ఉంటుందని, ఆ కణాలను పిలిచే ఇంటర్‌ల్యూకిన్-8 తక్కువగా ఉంటుందని గమనించారు. అంటే గడువు తీరాక మాయ దగ్గర కొంత ఇన్‌ఫ్లమేషన్ ఉండడం అవసరం, అది లేకపోతే అతుకు వీడదు.

మా గేదెలో తెల్లకణాలు కొరవడలేదు, కానీ అవి వచ్చిన సమయం, చోటు రెండూ తప్పాయి. ఏడో నెలలో విడిపోవడానికి కావలసిన మార్పులు ఇంకా మొదలే కాలేదు. గుత్తులు వాచి నీరు పట్టి, బొడిపెల గుంటల్లో మరింత బిగిసిపోయాయి. ఇలాంటి స్థితిలో ఆక్సిటోసిన్ ఎంత ఇచ్చినా గర్భాశయం బిగుస్తుందే గాని అతుకు వీడదు. చచ్చిన కణజాలం కుళ్ళి, న్యూట్రోఫిల్స్ దాన్ని కరిగించి, సాధారణంగా వారం పది రోజుల్లో మాయ తనంతట తానే పడిపోతుంది. ఆ లోపు మన పని పశువును కాపాడడమే.

కాబట్టి రోజూ పొద్దున సాయంత్రం ఉష్ణోగ్రత చూసి రాయమని రైతు కొడుక్కి థర్మామీటర్ ఇచ్చాను. ఉష్ణోగ్రత 103.5 దాటితే గాని, మేత పూర్తిగా మానేస్తే గాని యాంటీబయాటిక్ మొదలుపెట్టనని చెప్పాను. మూడో రోజు సాయంత్రం 104కు చేరడంతో కండరం ద్వారా సెఫ్టియోఫర్ ఇచ్చాను, అది గర్భాశయంలో చేరిన ఇతర బ్యాక్టీరియా కోసం, బ్రూసెల్లాకు కాదు. అప్పుడే జ్వరం, వాపు తగ్గించే మెలోక్సికామ్ కూడా ఇచ్చాను. జ్వరం లేనప్పుడు వాపు తగ్గించే మందులు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. అవి ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తాయి, ఈనిన వెంటనే కొన్ని రకాలు వాడితే మాయ పడకపోవడం పెరిగినట్టు ఆవుల్లో చూశారు. పశువు బాధపడుతున్నప్పుడు ఆ భయంతో మందు ఆపడం కూడా సరికాదు. ఇక్కడ నేను పట్టుకున్నది జ్వరాన్నీ మేతనూ మాత్రమే.

మాయ ఎనిమిదో రోజున ముక్కలుగా పడింది. స్రావం రెండు వారాల్లో తేలిక పడింది. గర్భాశయం పూర్తిగా కోలుకోవడానికి చాలా కాలమే పట్టింది, అయినా సంతలో కొన్న గేదెకు పట్టిన గతి దీనికి పట్టలేదు.

బ్రూసెల్లాను చంపడానికి ఆక్సిటెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్ దీర్ఘకాలం ఇవ్వమని ఒక సలహా వచ్చింది. కణాల లోపల దాగే జీవి కాబట్టి పశువుల్లో ఈ కోర్సు తర్వాత కూడా లసిక గ్రంథుల్లో, పొదుగులో అది మిగిలిపోగలదు. ఖర్చు ఎక్కువ, పాలలో మందు అవశేషాలు, చివరికి తగ్గిందన్న భ్రమ. ఆ భ్రమతో గేదెను ఇంకొకరికి అమ్మితే జబ్బు మరో పాకకు చేరుతుంది. వద్దన్నాను.

ఇంటి మనుషులు

పెద్దావిడను ఒంగోలులో వైద్యుడి దగ్గరకు పంపాను. ఆయన చేయించిన ట్యూబ్ పరీక్షలో బ్రూసెల్లా ప్రతిరక్షకాలు ఎక్కువ స్థాయిలో ఉన్నాయని తేలి, డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు వాడించారు. టైఫాయిడ్ అనుకొని అంతకుముందు వేర్వేరు మందులు మింగిన మనిషి ఆమె.

పురిటికి వచ్చిన కూతురి విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగింది. మనిషి మాయలో ఎరిథ్రిటాల్ పశువుల్లో ఉన్నంతగా ఉండదు కాబట్టి ఆడవాళ్ళకు ప్రమాదం లేదన్న మాట పశువైద్యుల్లో కూడా వినిపిస్తుంది. ఆ ఓదార్పు చెల్లదు. మనిషి ట్రోఫోబ్లాస్ట్ కణాలను కూడా బ్రూసెల్లా పట్టగలదు, వైద్యం అందని గర్భిణులకు గర్భస్రావం, నెలలు నిండని కాన్పు జరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో చాలా ఉన్నాయి. ఎరిథ్రిటాల్ లేకపోయినా ప్రమాదం ఉంటుంది. ఆ రోజు నుంచే ఆమెను పాక వైపు వెళ్ళనివ్వవద్దని, పచ్చిపాలు ముట్టనివ్వవద్దని, కాన్పు చూసే డాక్టరుకు ఈ సంగతి చెప్పమని అన్నాను. గర్భిణికి డాక్సీసైక్లిన్ వాడరు కాబట్టి నిర్ణయం వాళ్ళదే కావాలి. ఆమె రక్తపరీక్షలు నెగెటివ్ వచ్చాయి, గేదె విషయంలో నేర్చుకున్న పాఠం వల్ల మళ్ళీ చేయించమని కూడా చెప్పాను, అవి కూడా నెగెటివే. నెలలు నిండి కాన్పు అయింది.

పాకలో చేసిన మార్పులు

పాజిటివ్ పశువులను తొలగించడం పుస్తకంలో రాసి ఉంటుంది. మన దగ్గర ఆవుల వధను 1977 చట్టం నిషేధిస్తుంది, గేదెల విషయంలోనూ చిన్న రైతుకు నష్టపరిహారం లేకుండా ఆ మాట చెప్పడం అర్థం లేని పని. కాబట్టి పాజిటివ్ మూడింటినీ పాకకు ఆవలి వైపు, వేరే గాడి, వేరే కుడితి తొట్టి దగ్గర కట్టించాం. వాటి పాలు ఇంట్లోకి గాని, పాల కేంద్రానికి గాని కాచకుండా వెళ్ళకూడదని ఒప్పుకున్నారు, కేంద్రానికి సంగతి వాళ్ళే చెప్పారు. చెరువు కట్ట వైపు ఒక చిన్న చావిడి వేసి, ఈనే ప్రతి పశువునూ గడువుకు ముందే అక్కడికి మార్చడం మొదలుపెట్టారు. మాయను, పాడైన గడ్డిని లోతైన గుంటలో సున్నం చల్లి పూడ్చడం, కుక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప వేయడం నేర్పాను. ఎండ తగిలే చోట ఈ జీవి త్వరగా చస్తుంది, నీడలో తడి పేడలో, మాయలో నెలల తరబడి బతుకుతుంది. రేకుల పాకలో చీకటిగా, ఎప్పుడూ తడిగా ఉండే మూల ఒకటి ఉండేది, దాన్ని ఇప్పుడు తెరిచారు.

2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు ఎస్-19 టీకా జీవితంలో ఒకసారి వేస్తారు. మందలో ఆ వయసులో ఉన్న దూడలకు వేయించాను. చూడి గేదెలకు కూడా వేయమని రైతు బతిమాలారు, అది బతికున్న జీవితో చేసిన టీకా, చూడిలో వేస్తే అదే గర్భం పోగొట్టగలదు. టీకా వేసేటప్పుడు సూది చేతికి గుచ్చుకుంటే మనకూ జ్వరం వస్తుందన్న సంగతి మా సహాయకులకు ప్రతిసారీ చెబుతాను, వాళ్ళు ప్రతిసారీ నవ్వుతారు.

మేతలో ఖనిజ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, చివరి నెలల చూడి గేదెలకు విటమిన్ ఇ, సెలీనియం, విటమిన్ ఎ ఇంజెక్షన్లు ఇచ్చాం. ఇవి బ్రూసెల్లాను ఆపవు. ఈనే సమయంలో న్యూట్రోఫిల్స్ సరిగా పనిచేయడానికి ఇవి కావాలి, ఆ ఏడాది ఆరోగ్యంగా ఈనిన రెండు గేదెలకు మాయ వేళకే పడడంలో వీటి పాత్ర ఎంతో నేను కచ్చితంగా చెప్పలేను.

కొత్తగా కొనే పశువు విషయంలో ఒక్క పరీక్షతో సరిపెట్టవద్దని రైతుకు చెప్పాను. చూడిదైతే ఈనిన తర్వాత మూడు వారాలకు మళ్ళీ పరీక్షించేదాకా దాన్ని వేరుగానే ఉంచాలి. పాజిటివ్ తల్లికి పుట్టిన పెయ్యను కూడా నెగెటివ్ ఫలితం చూసి వదిలేయకూడదు, తొలి ఈత దాకా అది దాచిపెట్టుకోగలదు.

ఎనిమిదో నెలలో ఈసుకుపోయిన గేదె మరుసటి ఏడాది చూడి కట్టి, నెలలు నిండి, బతికే పెయ్యను ఈనింది. మాయ నాలుగు గంటల్లోనే పడింది. పరిచి చూస్తే పొర పలచగా ఉంది, గుత్తులు దాదాపు అన్నీ ఎర్రగానే ఉన్నాయి, రెండు మూడింటి అంచుల్లో మాత్రం సన్నని పసుపు గీత కనిపించింది. ఒకసారి ఈసుకుపోయిన పశువుల్లో చాలా వాటికి ఆ తర్వాత కణజాలం తట్టుకునే స్థాయికి వస్తుంది, మళ్ళీ ఈసుకుపోవడం తక్కువ, అయినా మాయలోనూ పాలలోనూ జీవిని విడుదల చేస్తూనే ఉంటాయి. "ఇంక బాగుంది కదా సార్, లోపల కట్టేసుకోవచ్చా?" అని రైతు అడిగారు. ఆ పసుపు గీత నుంచి అద్దకం తీసి రంగు వేస్తే ఎర్రటి గింజలు కనిపించాయి, పక్కన తెల్లకణాలు మాత్రం బహు కొద్ది. మాయను మామూలుగానే సున్నంతో పూడ్పించి, గేదెను ఆవలి గాడి దగ్గరే ఉంచమని, పెయ్యకు ఐదో నెలలో టీకా వేయించమని రాసిచ్చి వచ్చాను.